సంక్రాంతి బస్సెక్కే ముందు మెడ సంగతి చూసుకోండి

కూకట్‌పల్లిలో రాత్రి తొమ్మిదింటికి బస్సెక్కి, తెల్లారేసరికి అమలాపురంలో దిగడం మా ఇంట్లో ప్రతి సంక్రాంతికీ ఉండేదే. కొన్నేళ్ల కిందట అలాగే దిగి సామాను కోసం నిలబడ్డాను. వెనక నుంచి అన్నయ్య పిలిచాడు. తల తిప్పబోతే కుడి చెవి కింద నుంచి రెక్క దాకా ఎవరో తాడు కట్టి లాగినట్టయింది. మనిషినంతా తిరిగితే తప్ప అన్నయ్య మొహం చూడలేకపోయాను. ఆ పండగ మూడు రోజులూ మంచం మీదే గడిచింది. అప్పుడు చేసిన పొరపాట్లు, తర్వాత ఫిజియోథెరపిస్టు దగ్గర నేర్చుకున్నవి ఈసారి ఊరెళ్లేవాళ్లకు ముందే చెప్పాలనిపించింది.

మెడ పట్టేసింది అంటాం కానీ చాలాసార్లు పట్టేది ఒక పక్కే. తల బరువు దాదాపు ఐదు కిలోలు. మెలకువగా ఉన్నంతసేపూ ఆ బరువును మెడ కండరాలు రెండు పక్కలా పంచుకుని మోస్తాయి. కూర్చుని నిద్రపోతే అవి వదులై తల ఏదో ఒక పక్కకు వాలిపోతుంది. గంటా రెండు గంటలు అలాగే ఉంటే ఒక పక్క కండరం సాగి, రెండో పక్కది ముడుచుకుని ఉండిపోతుంది. సరిగ్గా అప్పుడే బస్సు స్పీడ్ బ్రేకర్ ఎక్కి దిగుతుంది. నిద్రలో ఉన్న మెడ ఆ కుదుపుకు సిద్ధంగా ఉండదు. కండరమో, వెన్నుపూసల మధ్య ఉండే చిన్న కీలో నలిగితే, ఇంకా దెబ్బ తగలకుండా చుట్టూ ఉన్న కండరాలు బిగుసుకుంటాయి. ఆ బిగుతే మనల్ని తల తిప్పనివ్వదు. మెడలోని పై నాలుగు పూసల నుంచి భుజం రెక్క పై మూలకు దిగే కండరం ఒకటుంది. ఎక్కువగా పట్టేది అదే. అందుకే నొప్పి ఎక్కడో చూపించమంటే చాలామంది వేలు మెడ మీద కాకుండా రెక్క మూల మీద పెడతారు. అక్కడ నొక్కితే చిన్న ముడిలా తగులుతుంది.

బస్సులో

నెక్ పిల్లో కొనేవాళ్లకు ఒక మాట. దాని లావు భాగం మెడ వెనక ఉంటే తల ముందుకు నెట్టినట్టవుతుంది, పక్కకు వాలడమూ ఆగదు. తిప్పి, లావు భాగం గడ్డం కిందికి వచ్చేలా పెట్టుకుని చూడండి. చాలామందికి అదే హాయిగా ఉంటుంది. పిల్లో లేకపోతే స్నానం తువ్వాలు చాలు. పొడవుగా నాలుగు మడతలు వేసి, గట్టిగా చుట్టి, మఫ్లర్‌లా మెడ చుట్టూ వేసుకుని, రెండు కొసలూ గడ్డం కింద దోపుకోవాలి. ఊపిరికి ఇబ్బంది లేకుండా, తల ఎటు వాలినా చెంప ఆ చుట్ట మీద ఆగేంత బిగువు ఉంటే సరిపోతుంది. నాకు పిల్లో కంటే ఇదే నచ్చింది. చలికి మెడ కూడా వెచ్చగా ఉంటుంది.

కిటికీ అద్దానికి మాత్రం తల ఆనించి పడుకోకండి. ఆ అదురంతా మెడకే చేరుతుంది. ఏసీ గాలి నేరుగా మెడ మీద పడుతుంటే మూత పక్కకు తిప్పండి. చలికి తెలియకుండానే భుజాలు బిగబట్టి పడుకుంటాం. స్లీపర్ బస్సయితే బోర్లా పడుకోవద్దు. బోర్లా పడుకున్నామంటే రాత్రంతా మెడ ఒక పక్కకు మెలితిరిగి ఉన్నట్టే.

పండగ ముందు రోజుల్లో పంతంగి టోల్ దగ్గర బండ్లు బారులు తీరి ఆగిపోతాయి. అంతసేపూ అందరం ఫోన్లోకి తల వంచుకుని కూర్చుంటాం. 2014లో న్యూయార్క్‌కు చెందిన వెన్నెముక సర్జన్ కెన్నెత్ హన్స్‌రాజ్ ఒక లెక్క కట్టారు. తల 60 డిగ్రీలు ముందుకు వంగితే మెడ మీద పడే భారం దాదాపు 27 కిలోలట. నిద్రకు ముందే మెడను అలా అలసిపోనివ్వకండి. ఫోన్ కళ్ల ఎత్తుకు పట్టుకోండి, లేదా పక్కన పెట్టేయండి. బస్సు ఆగిన ప్రతిచోటా దిగి నాలుగు అడుగులు వేసి, భుజాలు రెండు మూడుసార్లు వెనక్కి తిప్పండి.

నేను చేసిన పెద్ద పొరపాటు దిగేటప్పుడు. నిద్ర కళ్లతో లేచి, పై అరలోంచి బరువైన బ్యాగును ఒంటి చేత్తో లాగి కుడి భుజానికి తగిలించుకున్నాను. రాత్రంతా వాలి ఉన్న మెడకు ఆ లాగుడు చాలు. స్టాప్ రావడానికి పది నిమిషాల ముందే లేచి కూర్చోండి. బ్యాగు రెండు చేతులతో దించుకుని, రెండు భుజాలకూ వేసుకోండి.

పట్టేస్తే

మొదటి రోజు దాన్ని విడిపించాలని పంతం పట్టకూడదు. ఇంటికెళ్లగానే అందరూ తలా ఒకటి చెబుతారు. దిండు ఎండలో వేస్తే పోతుందంటారు. వేయండి, నష్టమేమీ లేదు. మా అమ్మ చేసింది ఉప్పు కాపడం. మూకుట్లో రాళ్ల ఉప్పు వేయించి, పాత నూలు గుడ్డలో మూట కట్టి, ముందు తన మోచేతికి ఆనించి వేడి చూసుకుని, తర్వాత నా రెక్క మూల మీద పెట్టేది. పావుగంట అలా అద్దుతూ ఉంటే తల ఒక వేలెడు ఎక్కువ తిరిగేది. రోజుకు మూడు నాలుగుసార్లు చేయొచ్చు. బామ్ రాసిన చోట మాత్రం కాపడం వద్దు, చర్మం కాలుతుంది. షుగర్ వల్ల స్పర్శ తగ్గినవాళ్లు వేడి ఎంతుందో ఇంకొకరితో చూపించుకోవాలి.

మెడను అసలు కదపకుండా ఉంచడం కూడా తప్పే. మామూలు పట్టుకు కాలర్ అక్కర్లేదు. గంటకోసారి నొప్పి లేని వైపు మెల్లగా తిప్పండి, తర్వాత నొప్పి ఉన్న వైపు ఎంతవరకు వస్తే అంతవరకే. పడుకున్నప్పుడు ఒకే దిండు, వెల్లకిలా గానీ నొప్పి లేని పక్కకు గానీ. లేచేటప్పుడు తలను ఒక్కసారిగా ఎత్తకుండా పక్కకు ఒత్తిగిలి, చేత్తో తలను ఆసరా పట్టుకుని లేవండి. మాత్ర కావాలంటే పారాసిటమాల్ చాలామందికి సరిపోతుంది. లివర్ జబ్బు ఉన్నవాళ్లు అదీ డాక్టర్ని అడిగే వేసుకోవాలి. డైక్లోఫినాక్ లాంటివి కడుపులో పుండు, కిడ్నీ జబ్బు, గుండె జబ్బు ఉన్నవాళ్లూ, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లూ, గర్భిణులూ సొంతంగా వేసుకోకూడదు. తలను రెండు పక్కలకూ తిప్పగలిగేదాకా బండి, కారు నడపొద్దు. పక్కనుంచి వచ్చే వాహనం చూడలేరు.

ఇక మంగలి షాపులో మెడ విరిపించుకోవడం. ఈ ఒక్క మాట దయచేసి వినండి. గడ్డం, నడినెత్తి పట్టుకుని తలను ఒక్క విసురుతో తిప్పితే టప్పుమని శబ్దం వస్తుంది, కాసేపు హాయిగా ఉంటుంది. కానీ మెదడుకు రక్తం తీసుకెళ్లే నాలుగు రక్తనాళాలు మెడలోంచే పైకి వెళతాయి. వాటిలో రెండు వెన్నుపూసల రంధ్రాల్లోంచే పోతాయి. ఆ విసురుకు రక్తనాళం లోపలి పొర చిరిగి, అక్కడ రక్తం గడ్డకట్టి, పక్షవాతం వచ్చిన కేసులు వైద్యులు నమోదు చేశారు. తల కడిగేటప్పుడు మెడ బాగా వెనక్కి వంచి ఉంచడం వల్ల కూడా ఇలా జరుగుతుందని 1993లోనే ఒక అమెరికన్ న్యూరాలజిస్టు రాశారు. దానికి బ్యూటీ పార్లర్ స్ట్రోక్ సిండ్రోమ్ అని పేరు కూడా ఉంది. అరుదే, కానీ జరిగితే తిరిగి రానిది పోతుంది. ఊళ్లో చెయ్యి తిరిగిన పెద్దాయన అయినా సరే, మెడ విరవనివ్వకండి.

ఆగకుండా ఆసుపత్రికి

మామూలు పట్టు రెండు మూడు రోజుల్లో సడలి, వారంలో దాదాపు పోతుంది. కొన్నిటికి మాత్రం పండగ అయ్యేదాకా ఆగకూడదు. జ్వరంతో పాటు మెడ బిగుసుకుపోయి, తలనొప్పి, వెలుతురు చూడలేకపోవడం ఉంటే వెంటనే వెళ్లండి. మెదడు పొరల వాపు కావచ్చు. ఎప్పుడూ లేనంత నొప్పి మెడలో ఒక పక్క హఠాత్తుగా మొదలై, కళ్లు తిరగడం, మాట తడబడటం, ఒక కనురెప్ప వాలిపోవడం, నడక తూలడం కనిపించినా అంతే. మెడ, దవడ, ఎడమ చెయ్యి లాగుతూ చెమటలు పట్టి ఛాతీ బరువెక్కితే అది గుండెపోటు కావచ్చు, 108కి ఫోన్ చేయండి. చేతిలో పట్టు తగ్గి గ్లాసు జారిపోతున్నా, తిమ్మిరి వేళ్ల దాకా దిగుతున్నా నరం నొక్కుకుంటుందేమో చూపించాలి. బండి మీంచి పడ్డాక వచ్చిన మెడ నొప్పికి కాపడాలు పెట్టుకుంటూ కూర్చోవద్దు.

ఊళ్లో ఉన్న రోజుల్లో వంచిన తల ఎత్తకుండా గంటసేపు ముగ్గు వేయడం, మెడ వెనక్కి విరిచి గాలిపటం చూస్తూ నిలబడటం కూడా మెడకు బరువే. మధ్యలో ఆగండి. తిరుగు ప్రయాణంలో తువ్వాలును డిక్కీలో వేసే పెట్టెలో సర్దేయకుండా చేతిసంచిలో పైనే ఉంచుకోండి.