కొత్త పూల్ నింపారా? క్లోరిన్ డబ్బా మూత తీసేముందు ఇవి చూసుకోండి

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు ఇంట్లోనో తోటలోనో స్విమ్మింగ్ పూల్ కట్టించుకున్నవాళ్లు ఎక్కువగా ఎండలు ముదిరేముందే నీళ్లు నింపుతారు. పిల్లలకు సెలవులు ఇచ్చేలోగా అంతా సిద్ధమైపోవాలని తొందర. పూల్ నిండిన సాయంత్రం ఎవరో ఒకరు వచ్చి, "నాలుగు దోసిళ్లు బ్లీచింగ్ కొట్టేయండి బాబూ, రేప్పొద్దున్నే దిగిపోవచ్చు" అంటారు. దయచేసి ఆ మాట మాత్రం వినకండి. లక్షలు పోసి కట్టిన పూల్ గోడలకు మచ్చలు పట్టడానికి ఆ ఒక్క రాత్రి చాలు.

కారణం బోరు నీళ్లు. దక్షిణ ఒడిశా ఎర్రనేలల్లో చాలా బోర్లకు ఇనుము వస్తుంది. గాలి తగలనంతసేపు అది నీళ్లలో కరిగే ఉంటుంది, కంటికి ఆనదు. గ్లాసులో పడితే నీళ్లు తేటగా కనిపిస్తాయి. క్లోరిన్ తగలగానే తుప్పుగా మారి బయటపడుతుంది. అప్పుడు పూల్ నిండా గోధుమరంగు నీళ్లు, టైల్స్ సందుల్లో చారలు. బాత్రూంలో కుళాయి కింద ఎర్రటి గీత పడుతున్నా, తెల్లబట్టలు పసుపెక్కుతున్నా మీ బోరులో ఇనుము ఉందని అనుమానించండి.

అనుమానంతో ఆగకండి, పరీక్ష చాలా సులువు. బోరును ఐదు నిమిషాలు వదిలేశాక వచ్చే నీళ్లు ఒక తెల్ల బకెట్‌లో పట్టండి. పక్కన ఇంకో తెల్ల బకెట్‌లో తాగే ఫిల్టర్ నీళ్లు పోయండి. రెండింట్లోనూ చిటికెడు బ్లీచింగ్ పౌడర్ వేసి కలిపి, మూతపెట్టి నీడలో ఉంచండి. ఇనుము ఉన్న నీళ్లు ముందు లేత పసుపు తిరుగుతాయి, కాసేపటికి పలచటి టీ రంగుకొస్తాయి. తెల్లారేసరికి పైన నీళ్లు కొంచెం తేరుకుని, అడుగున ఎర్రటి పొడి పేరుకుంటుంది. వేలితో గీస్తే వేలికి అంటుకుంటుంది. ఫిల్టర్ నీళ్ల బకెట్ కాస్త మసగ్గా ఉంటుందంతే, అది బ్లీచింగ్‌లోని సున్నం. నీళ్లు నల్లగా తిరిగితే మాంగనీసు అనే లోహం కూడా ఉందన్నమాట.

ఈ పరీక్ష పూల్ నింపకముందే చేస్తే ఎంతో మేలు. వీలైతే ఒక సీసా నీళ్లు ల్యాబ్‌కి కూడా పంపండి. జిల్లాల్లో గ్రామీణ నీటి సరఫరా శాఖకు నీటి పరీక్ష ల్యాబులు ఉన్నాయి. జల్ జీవన్ మిషన్ కింద మామూలు జనం తెచ్చిన నీళ్లను కూడా తక్కువ ఫీజుకే చూస్తారు. ఇనుము, పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణాల కొలత), ఆల్కలినిటీ (పీహెచ్‌ను నిలకడగా ఉంచే గుణం), హార్డ్‌నెస్ (కాల్షియం లాంటి లవణాల వల్ల వచ్చే గట్టిదనం), టీడీఎస్ (నీళ్లలో కరిగిన మొత్తం లవణాలు) ఈ ఐదూ అడగండి. గోపాల్‌పూర్ తీరం దగ్గర ఇల్లయితే ఉప్పు సంగతి కూడా చూడమనండి. ట్యాంకర్లతో నింపేవాళ్లు ఒక్క ట్యాంకరు నీళ్లు చూసి ఊరుకోవద్దు. పొద్దున వచ్చినది ఒక బోరుది, సాయంత్రం వచ్చినది ఇంకో బోరుది కావచ్చు.

ఇనుము కొద్దిగానే ఉంటే, క్లోరిన్ వేయకముందే మెటల్ సీక్వెస్ట్రెంట్ అనే మందు వేసి పంపు తిప్పండి. అది ఇనుమును కరిగిన స్థితిలోనే పట్టి ఉంచుతుంది. కొన్నాళ్లకు దాని బలం తగ్గుతుంది, డబ్బా మీద రాసినట్టు మళ్లీ వేస్తుండాలి. బకెట్ నీళ్లు టీ రంగుకొచ్చాయంటే ఆ మందును నమ్ముకోకండి. ఆ నీళ్లను ముందు సంపులోకి ఎత్తి, కొంచెం క్లోరిన్, పటిక వేసి, ఒక రాత్రి కదపకుండా ఉంచి, పైన తేరిన నీళ్లనే పూల్‌లోకి తోడుకోవాలి. ఇది తాగే నీళ్ల సంపులో చేయకండి. పని ఎక్కువే, రోజులూ పడతాయి. అయినా మచ్చపడ్డ గ్రౌటును (టైల్స్ సందుల్లో నింపే సిమెంటును) చెక్కించి మళ్లీ వేయించడం కన్నా ఇదే నయం. ఇప్పటికే మచ్చ పడి ఉంటే దాని మీద విటమిన్ సి మాత్ర ఒకటి రుద్ది చూడండి. రంగు తగ్గితే అది ఇనుము మచ్చే.

ఇక కొలతలు. మీ పూల్‌లో ఎన్ని లీటర్లు పడతాయో తెలియకుండా ఏ మందూ వేయొద్దు. పొడవు, వెడల్పు, సగటు లోతు అడుగుల్లో గుణించి, వచ్చినదాన్ని 28.3తో గుణించండి. 25 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు, ఒక చివర 3, ఇంకో చివర 5 అడుగుల లోతు ఉన్న పూల్‌కి సగటు లోతు 4. అంటే 1,200 ఘనపుటడుగులు, సుమారు 34,000 లీటర్లు. ఈ అంకె పంపు గది గోడ మీద పెయింటుతో రాసిపెట్టండి. కింద చెప్పే లెక్కలన్నీ ఈ సైజు పూల్‌వే.

టెస్ట్ కిట్ కొనేటప్పుడు పసుపు రంగు చూపించే చవక కిట్ వద్దు. అది నీళ్లలో ఉన్న మొత్తం క్లోరిన్‌ను చూపిస్తుంది, అందులో ఎంత ఇంకా పనిచేస్తోందో చెప్పదు. గులాబీ రంగు వచ్చే డీపీడీ కిట్ తీసుకోండి. దీనితోనూ ఒక ప్రమాదం ఉంది. క్లోరిన్ మరీ ఎక్కువైతే ఆ గులాబీ రంగే వెలిసిపోయి నీళ్లు రంగు లేకుండా కనిపిస్తాయి. క్లోరిన్ లేదేమోననుకుని ఇంకా పోసేస్తారు. పైగా పీహెచ్ చూసే ఎర్ర ద్రావకం కూడా అప్పుడు ఊదారంగుకు తిరిగి తప్పు చెబుతుంది. అలా అనిపిస్తే ఒక వంతు పూల్ నీళ్లకు నాలుగు వంతులు తాగే ఫిల్టర్ నీళ్లు కలిపి క్లోరిన్ మళ్లీ చూడండి. వచ్చిన అంకెను ఐదుతో గుణించుకోండి.

ముందు సరిచేయాల్సింది ఆల్కలినిటీ. ఇది 80 నుంచి 120 పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములు) మధ్య ఉండాలి. తక్కువగా ఉంటే పీహెచ్ పట్టు లేకుండా ఎగిరి దూకుతుంది. పెంచడానికి వంటసోడా చాలు. 10,000 లీటర్లకు సుమారు 170 గ్రాములు వేస్తే 10 పీపీఎం పెరుగుతుంది. అంటే మన 34,000 లీటర్ల పూల్‌లో 20 పీపీఎం పెంచాలంటే ఒక కేజీ రెండొందల గ్రాములకు కాస్త తక్కువ. ఒకేసారి కుమ్మరించకుండా పూల్ చుట్టూ తిరుగుతూ చల్లండి. పంపు నడుస్తూనే ఉండాలి. కరెంటు పోయేలా ఉంటే ఆ పూట ఏదీ వేయకండి.

తర్వాత పీహెచ్. 7.4, 7.6 మధ్య ఉంటే మంచిది, 7.2 నుంచి 7.8 దాకా ఫర్వాలేదు. ఇది కళ్లు మండకుండా ఉండటానికి మాత్రమే కాదు. పీహెచ్ 7.5 దగ్గర క్లోరిన్‌లో దాదాపు సగం క్రిములను చంపే రూపంలో ఉంటుంది. 8కి వెళితే పావు వంతే ఉంటుంది. పీహెచ్ చూసుకోకుండా క్లోరిన్ మీద ఎంత డబ్బు పోసినా నీళ్లు పచ్చబడుతూనే ఉంటాయి. కొత్త సిమెంటు, కొత్త గ్రౌటు నుంచి సున్నం ఊరుతుంది కాబట్టి మొదటి నెలంతా పీహెచ్ పైకే పోతుంది. దానికి కంగారు పడక్కర్లేదు. రోజూ చూసి, పెరిగితే మ్యూరియాటిక్ (హైడ్రోక్లోరిక్) యాసిడ్ ఒక విడతకు పావు లీటరు మించకుండా వేసి, నాలుగు గంటలు పంపు తిప్పి మళ్లీ చూడండి. లోపలి గోడలు ప్లాస్టర్ అయితే మొదటి వారాల్లో రోజూ బ్రష్‌తో రుద్దాలి, లేకపోతే ఊరిన సున్నం గరుకుగా అతుక్కుపోతుంది. కాల్షియం హార్డ్‌నెస్ 200 నుంచి 400 మధ్య ఉంటే ఇంకేం చేయక్కర్లేదు.

అప్పుడు క్లోరిన్. నింపాక ఒకటి రెండు రోజుల్లో ఇక్కడికి చేరుకోవాలి. మన ఎండలకు అంతకన్నా ఆగితే నాచు మొదలవుతుంది. 65 శాతం కాల్షియం హైపోక్లోరైట్ (పూల్ క్లోరిన్ పొడి) అయితే 150 గ్రాములు, 10 శాతం లిక్విడ్ హైపో (ద్రవరూప క్లోరిన్) అయితే ఒక లీటరు వేస్తే మన పూల్‌లో సుమారు 3 పీపీఎం పెరుగుతుంది. పొడిని ముందు ప్లాస్టిక్ బకెట్ నీళ్లలో కలిపి, తేరిన నీళ్లే పోయండి. సూర్యాస్తమయం తర్వాత వేస్తే వృథా కాదు. లిక్విడ్ హైపో వేడికి బలం కోల్పోతుంది. షాపు ముందు ఎండలో పెట్టిన క్యాన్ కొనకండి, వేసవికంతటికీ ఒకేసారి కొని నిల్వ చేయకండి. మామూలు బ్లీచింగ్ పౌడర్‌తో ఎప్పటికీ నెట్టుకురావచ్చనుకుంటే అడుగున సున్నం పేరుకుంటుంది, పీహెచ్ పెరుగుతుంది.

ఎండ క్లోరిన్‌ను తినేస్తుంది. దానికి అడ్డంగా స్టెబిలైజర్, అంటే సయనూరిక్ యాసిడ్, 30 నుంచి 50 పీపీఎం ఉండాలి. మన పూల్‌కి 30 పీపీఎం కావాలంటే ఒక కేజీ పడుతుంది. నెమ్మదిగా కరుగుతుంది కాబట్టి పాత మేజోడులో కట్టి, నీళ్లు తిరిగొచ్చే రంధ్రం ముందు వేలాడదీయండి. టీసీసీఏ బిళ్లలు (నెమ్మదిగా కరిగే ఒక రకం క్లోరిన్ బిళ్లలు) వాడేవాళ్లు మాత్రం దీన్ని విడిగా వేసేముందు ఆలోచించుకోవాలి. ఆ బిళ్లల్లోనే స్టెబిలైజర్ ఉంది. 10 పీపీఎం క్లోరిన్ ఇచ్చిన ప్రతిసారీ 6 పీపీఎం స్టెబిలైజర్ కలుస్తుంది. రోజుకు 2 పీపీఎం చొప్పున రెండు నెలలు వాడితే 72 అవుతుంది. అప్పుడు కిట్ క్లోరిన్ ఉందనే చెబుతుంది, పని మాత్రం మందగిస్తుంది. తగ్గించడానికి కొంత నీళ్లు పారబోసి కొత్తవి పట్టడం తప్ప ఇంట్లో చేసుకోగల దారి లేదు. మే నెల నీటి ఎద్దడిలో ఆ పని ఎంత కష్టమో మీకు నేను చెప్పక్కర్లేదు.

నీళ్లు నీలంగా మెరవాలని మైలుతుత్తం వేయమనేవాళ్లు ఉంటారు. వద్దు. రాగి మచ్చలు పడతాయి, జుట్టు పచ్చబడుతుంది.

ఇప్పుడు చెప్పేది అన్నిటికన్నా ముఖ్యం. యాసిడ్, క్లోరిన్ ఒకదానికొకటి తగిలితే విషవాయువు పుడుతుంది. కాల్షియం హైపోక్లోరైట్, టీసీసీఏ కలిస్తే మంట రావచ్చు, పేలవచ్చు. వీటికి వాడే మగ్గులు, బకెట్లు వేరువేరుగా ఉండాలి. ఈ జతల్లో ఏ రెండిటినీ ఒకే గదిలో పక్కపక్కన పెట్టొద్దు. టీసీసీఏ బిళ్లల ఫ్లోటర్‌లో ఇంకే మందూ వేయొద్దు. యాసిడ్‌ను నీళ్లలో పోయాలి తప్ప యాసిడ్ మీద నీళ్లు పోయకూడదు. గాలి మీ వీపు వైపు నుంచి వీచేలా నిలబడండి, గ్లౌజులు, కళ్లద్దాలు పెట్టుకోండి. పూల్ చూసుకునే కుర్రాడు ఒడియా మాత్రమే చదవగలిగితే ప్రతి డబ్బా మీద ఒడియాలో పెద్ద అక్షరాలతో రాయించండి. పనిచేసేది అతను, ప్రమాదం వస్తే మొదట తగిలేదీ అతనికే. వాడి పారేసిన మంచినీళ్ల సీసాలో యాసిడ్ పోసి పెట్టే అలవాటు ఎక్కడ కనిపించినా అప్పటికప్పుడు మాన్పించండి. కళ్లలో పడితే కనీసం పదిహేను నిమిషాలు ధారగా కడిగి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. వాయువు పీల్చి దగ్గు, ఆయాసం వస్తే ముందు బయట గాలికి తేవాలి, 108కి ఫోన్ చేయాలి.

పిల్లల్ని దింపేముందు మూడు చూడండి. ఫ్రీ క్లోరిన్, అంటే ఇంకా పనిచేసే క్లోరిన్, 1 నుంచి 3 పీపీఎం (స్టెబిలైజర్ వేసి ఉంటే 2కి తగ్గకూడదు), పీహెచ్ హద్దుల్లో ఉండాలి, లోతు వైపు అడుగున ఉన్న జాలీ గట్టు మీద నుంచి స్పష్టంగా కనబడాలి. మూడింట్లో ఏది లేకపోయినా ఆ రోజు ఈత లేదు. పిల్లలు అలిగినా సరే. కేరళలో ఈమధ్య వార్తల్లోకి వచ్చిన, మెదడును తినే అమీబాకు క్లోరిన్ లేని గోరువెచ్చని నీళ్లంటే ఇష్టం. సరిపడా క్లోరిన్ ఉన్న నీళ్లలో అది బతకదు. వాడకుండా వదిలేసిన పూల్‌లో దోమలు గుడ్లు పెడతాయి. మలేరియాను ఇన్నేళ్లుగా చూసిన రాయగడ, కొరాపుట్ వైపు వాళ్లకు ఆ ముప్పు ఎంతో బాగా తెలుసు.

జూన్‌లో వానలు పడ్డాక ప్రతి పెద్ద వాన తర్వాతా ఆల్కలినిటీ, పీహెచ్, క్లోరిన్ మళ్లీ చూసుకోవాలి. ఎర్రమట్టి నీళ్లు పూల్‌లోకి జారకుండా చుట్టూ కాలువ ఉండాలి. అక్టోబరు వస్తే తుపాను భయం. 2013లో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది, 2018లో తిత్లీ గజపతి జిల్లాను ఊపేసింది. హెచ్చరిక రాగానే చాలామంది పూల్ ఖాళీ చేయాలనుకుంటారు. ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకండి. కింద నేల నీళ్లతో నానితే ఖాళీ పూల్‌ను అడుగు నుంచి పైకి తోసేస్తుంది, పగుళ్లు పడతాయి. నిండుగానే ఉంచి, క్లోరిన్ కాస్త పెంచి, పంపు మెయిన్ స్విచ్ ఆపేసి, మందుల డబ్బాలు నీళ్లు చేరని ఎత్తులో పెట్టండి, యాసిడ్ ఒక గదిలో, క్లోరిన్ ఇంకో గదిలో.