మెటల్ ఒపెరా ఆల్బమ్ బలాబలాలు తేల్చడం ఎలా?

పవర్ మెటల్ (వేగం, పైస్థాయి గొంతులు, పెద్ద పల్లవులు ఉండే రాక్ సంగీతం)లో ఒక్కో గాయకుడు ఒక్కో పాత్రగా పాడుతూ కథ చెప్పే ఆల్బమే మెటల్ ఒపెరా. దాన్ని మామూలు పాటల ఆల్బమ్‌లా విని ఊరుకుంటే సగమే విన్నట్టు. అలాగని అచ్చంగా నాటకంలా కొలిస్తే చాలావరకు నిలబడవు. పాట ఎంత గట్టిదో ఒకసారి, కథ ఎంత గట్టిదో ఇంకోసారి విడివిడిగా తూచి, ఆ తర్వాతే రెంటినీ పక్కపక్కన పెట్టాలి.

ఉదాహరణకి ఈ తరహాకి పేరు తెచ్చిపెట్టిన ఆల్బమ్‌నే తీసుకుందాం: 'అవాంటాసియా: ది మెటల్ ఒపెరా'. జర్మనీలోని ఫుల్డా ఊరివాడు, ఎడ్గై బ్యాండ్ గాయకుడు టోబియాస్ సామెట్ 2001 జనవరిలో తెచ్చాడు. 13 ట్రాకులు, దాదాపు గంట నిడివి.

కావలసినవి: గంట చొప్పున మూడు విడతల తీరిక (మూడూ ఒకే రోజు వద్దు, చెవి మొద్దుబారుతుంది), ఓ మోస్తరు హెడ్‌ఫోన్స్, ఆల్బమ్ బుక్‌లెట్ (పాటల సాహిత్యం, కథ ఉండే చిన్న పుస్తకం), ఒక తెల్ల కాగితం, పెన్ను.

ముందుగా ప్లేయర్ సర్దుకోండి

షఫుల్ ఆపేయండి. క్రాస్‌ఫేడ్ (ఒక పాట చివరని తర్వాతి పాట మొదటితో కలిపేసే సెట్టింగ్) సున్నాకి దించండి. గ్యాప్‌లెస్ (పాటల మధ్య ఖాళీ రాకుండా చేసేది) ఉంటే ఆన్ చేయండి. ట్రాక్ వారీగా వాల్యూమ్ సమం చేసే సెట్టింగ్ ఉంటే అదీ తీసేయండి. ఈ చివరిదాన్ని చాలామంది పట్టించుకోరు. ఈ ఆల్బమ్‌లో రెండు నిమిషాలు కూడా లేని ముక్కలు నాలుగున్నాయి: తొలి 'ప్రెల్యూడ్', 'మాలియస్ మాలిఫికారమ్', 'ఇన్ నోమినె పాట్రిస్', 'ఎ న్యూ డైమెన్షన్'. అన్నీ కలిపినా ఆరు నిమిషాలు దాటవు. వీటి పని తర్వాతి పాటకి తలుపు తీయడం. ప్లేయర్ వీటి శబ్దాన్ని పెద్ద పాటలతో సమానంగా పెంచేస్తే, ఆ వెంటనే డ్రమ్స్ విరుచుకుపడే దెబ్బ చప్పబడుతుంది. తప్పు ఫోన్‌ది, తిట్లు ఆల్బమ్‌కి!

మొదటి విడత: బుక్‌లెట్ మూసి వినండి

మధ్యలో ఆపొద్దు. కాగితం మీద రెండే గుర్తులు. ఒళ్లు ఝల్లుమన్న చోట టిక్, మనసు పక్కకి పోయిన చోట సున్నా, పక్కన నిమిషం. మర్నాడు పొద్దున మళ్లీ వినకుండా, గుర్తున్న పల్లవులు కూనిరాగం తీసి చూడండి. చిన్న ముక్కలూ, రెండున్నర నిమిషాల పియానో పాట 'ఇన్‌సైడ్' పక్కన పెడితే మిగిలేవి ఎనిమిది పాటలు. అందులో మూడు పల్లవులు నోటికొస్తే ఆల్బమ్ పాటగా నెగ్గినట్టే.

ఇది నెగ్గుతుంది. కారణం తెలియాలంటే 'రీచ్ ఔట్ ఫర్ ద లైట్'ని దగ్గరగా పట్టుకుని వినండి. చరణంలో మాటలు గబగబా దొర్లుతాయి. పల్లవికి రాగానే అక్షరాలు సాగుతాయి, గొంతులు పైస్థాయికి ఎక్కుతాయి, వెనక కోరస్ కమ్ముకుంటుంది. కింద డ్రమ్స్ పరుగు మాత్రం తగ్గదు. కింద పరుగు, పైన సాగదీత. పవర్ మెటల్ కిటుకంతా ఇంతే. ఇది కుదరని ఆల్బమ్‌లో పాట ఎంత వేగంగా ఉన్నా ఉన్నచోటే పరిగెత్తుతున్నట్టుంటుంది.

రెండో విడత: ఎవరు పాడుతున్నారు?

ఇప్పుడు బుక్‌లెట్ తెరిచి పాత్రల పట్టిక రాసుకోండి. కుర్ర సన్యాసి గాబ్రియేల్: సామెట్. డ్రూయిడ్ (ప్రాచీన కెల్టిక్ పూజారి) లూగైడ్ వాండ్రాయ్: మైఖేల్ కిస్కె (అప్పట్లో మెటల్‌కి దూరంగా ఉంటున్నందువల్ల ఆల్బమ్ మీద 'ఎర్నీ' అనే మారుపేరు వేయించుకున్నాడు). గురువు యాకోబ్: డేవిడ్ డిఫైస్. అన్నా: షారన్ డెన్ ఆడెల్. బిషప్: రాబ్ రాక్. పోప్: ఆలివర్ హార్ట్‌మన్. ఎల్ఫ్ (యూరప్ జానపద కథల్లోని మాయాజీవి): ఆండ్రె మాటోస్. మరుగుజ్జు రెగ్రిన్: కై హాన్సెన్.

పట్టిక కింద పెట్టి ఏదైనా పాట మధ్యలో ముప్పై సెకన్లు వినండి. పాడేది ఎవరో చెప్పండి. ఇలా పదిసార్లు. హాన్సెన్ ముక్కుగొంతు, డిఫైస్ బుసకొట్టే తీరు, షారన్ గొంతు ఇట్టే పట్టేస్తారు. చిక్కంతా సామెట్, కిస్కె, మాటోస్ ముగ్గురితో. ముగ్గురివీ శుభ్రమైన పైస్థాయి గొంతులే కాబట్టి కొత్తవాళ్లు బోల్తాపడతారు. కిస్కెకి ఒక ఆనవాలు ఉంది: అంత పైకి వెళ్లినా గొంతు బిగుసుకోదు, గుండ్రంగానే ఉంటుంది. సామెట్ పైకి వెళ్లేకొద్దీ గొంతులో కాస్త గరుకు వస్తుంది.

కూచిపూడి యక్షగానంలో ప్రతి పాత్రకీ ప్రవేశ దరువు ఉంటుంది. వచ్చింది ఎవరో, ఎలాంటివారో ముందే తెలిసిపోతుంది. మెటల్ ఒపెరాల్లో చాలావాటికి ఆ ఏర్పాటు లేదు. ఇందులోనూ లేదు. పైగా ఒక తిరకాసు: కథలో గాబ్రియేల్‌కి లూగైడ్ ఎదురయ్యేది చెరసాలలో. లూగైడ్ గొంతు మాత్రం రెండో ట్రాక్ 'రీచ్ ఔట్ ఫర్ ద లైట్'లోనే వచ్చేస్తుంది, ఇద్దరూ జోడీగా పాడేస్తారు! పాటగా అద్భుతం, నాటకంగా తప్పు. ఇలాంటి చోట్ల రెండు మార్కులూ వేయండి, ఒకదాంతో ఇంకోదాన్ని కప్పెట్టొద్దు.

మూడో విడత: కథ పాటలో ఉందా, బుక్‌లెట్‌లో ఉందా?

కథ 1602లో, జర్మనీలోని మైంజ్ నగరంలో మొదలవుతుంది. డొమినికన్ (కాథలిక్ సన్యాసుల్లో ఒక శాఖ) మఠంలో చేరిన గాబ్రియేల్ మంత్రగత్తెల వేటలో పాల్గొంటూ ఉండగా, సవతి చెల్లెలు అన్నా అదే నేరారోపణతో పట్టుబడిందని తెలుసుకుంటాడు. చదవకూడని పుస్తకం చదివి తనూ చెరసాల పాలవుతాడు. అక్కడ కలిసిన లూగైడ్ ద్వారా అవాంటాసియా అనే మరో లోకం సంగతి బయటపడుతుంది. నేపథ్యం గాలికి అల్లింది కాదు. 1602లో మైంజ్ ఆర్చ్‌బిషప్ యోహాన్ ఆడమ్ ఫాన్ బికెన్, పోప్ ఎనిమిదో క్లెమెంట్. ఇద్దరూ చరిత్రలో ఉన్నవాళ్లే. 'మాలియస్ మాలిఫికారమ్' పదిహేనో శతాబ్దం చివర్లో డొమినికన్ సన్యాసి హైన్రిష్ క్రేమర్ మంత్రగత్తెల విచారణల కోసం రాసిన పుస్తకం పేరు.

పని ఏమిటంటే, ప్రతి పాటకీ ఎదురుగా ఒకే వాక్యం రాయండి: పాట మొదలైనప్పటికీ ముగిసేటప్పటికీ కథలో ఏం మారింది? వాక్యం రాయలేకపోతే గీత పెట్టండి. 'బ్రేకింగ్ అవే'కి సులువుగా రాస్తారు: చెరసాల నుంచి పారిపోయారు. అయితే ఎలా పారిపోయారు, ఎవరు తరిమారు అన్నది బుక్‌లెట్‌లోని వచనంలో ఉంటుంది. పాటలో ఉన్నది తప్పించుకున్న ఉత్సాహం. అసలు ఇబ్బంది పాట కట్టడంలోనే ఉంది: చరణంలో నాలుగు అడుగులు కదిలిన కథ, పల్లవి వచ్చిన ప్రతిసారీ నిలబడిపోతుంది. చివర పల్లవి రెండుసార్లు తిప్పితే అక్కడే కాళ్లు చాపుకుంటుంది.

గీతలు లెక్కపెట్టండి. ఎనిమిదిలో సగం దాటితే కథ బుక్‌లెట్‌ది, పాటలది కాదు.

అన్నా సంగతి విడిగా చూడాలి. ఇంత గొడవా ఆమె కోసమే. ఈ మొదటి భాగంలో ఆమె గొంతు వినిపించేది మాత్రం 'ఫేర్‌వెల్'లోనే. ఆల్బమ్‌లో అతి పెద్ద లోటు ఇదేనంటాం. దీనికి ఎదురుగా చివరి పాట 'ది టవర్' ఉంది. దాదాపు పది నిమిషాలు, గొంతు మీద గొంతు వచ్చి పడుతూ, పల్లవి కోసం ఆగకుండా సన్నివేశం నడుస్తుంది. ఒపెరా అన్న మాటకి న్యాయం జరిగేది ఇక్కడే.

ఇక శబ్దం సంగతి. ఆర్కెస్ట్రాలా వినిపించేది చాలావరకు కీబోర్డే. తీగవాద్యాలు వాయించేటప్పుడు విల్లు మారే చిన్న ఎడం వినపడకపోతే అనుమానించొచ్చు. హెన్యో రిక్టర్ గిటార్, మార్కుస్ గ్రోస్‌కోఫ్ బేస్, అలెక్స్ హోల్ట్స్‌వార్త్ డ్రమ్స్‌కి వంక పెట్టక్కర్లేదు.

తీర్పు రాసేటప్పుడు సాధారణంగా దొర్లే తప్పు పేర్లకి మార్కులేయడం. ఇంతమంది మహామహులు ఉన్నారని కాదు, ఎవరు ఎన్ని పంక్తులు పాడారో, ఆ పంక్తులు వేరొకరు పాడినా తేడా ఉండేదా అని చూడండి. ఇంకో తప్పు, కథ అర్ధాంతరంగా ఆగిందని తిట్టడం. అది మొదటి భాగం. రెండోది 2002లో వచ్చింది. దాని తొలి పాటే పద్నాలుగు నిమిషాల పైచిలుకు, కాబట్టి ఆ రోజుకి ఇంకో ఆల్బమ్ పెట్టుకోకండి.