తప్పు కెమెరాదా, కంప్యూటర్‌దా? కొత్తగా నేర్చుకునేవాళ్లకు సమస్య - పరిష్కారం

కడపలో కొత్తగా కెమెరా పట్టిన పిల్లలు, ఫ్లెక్స్ షాపుల్లో డిజైన్ పనికి చేరినవాళ్లు ఎక్కువగా అడిగేది ఒకటే, "అన్నా, ఇంకా మంచి కెమెరా కొనాలా?" అని. చాలాసార్లు అక్కర్లేదు. ఫోటో తీసినప్పటి నుంచి ప్రింటు చేతికొచ్చేదాకా ఎన్నో చోట్ల చెడిపోవచ్చు, ఎక్కడ చెడిందో తెలిస్తే సరిచేయడానికి డబ్బు ఖర్చు కూడా ఉండదు. అందుకని ముందు బాగా లేని ఫోటోని కెమెరా స్క్రీన్ మీదే బాగా జూమ్ చేసి చూడండి. అక్కడే చెడి ఉంటే తప్పు తీయడంలో ఉంది. అక్కడ బాగుండి కంప్యూటర్‌లోనో ప్రింటులోనో చెడితే కెమెరాని వదిలేసి ఆ తర్వాతి పనులు చూసుకోవాలి.

నల్ల బండ బూడిద రంగులో వస్తోంది, తెల్ల పంచె మురికిగా వస్తోంది

మన ఊళ్లో ఇది బాగా తగిలే సమస్య. బండల వ్యాపారం చేసేవాళ్లు వాట్సాప్‌లో పెట్టడానికి కడప బండల ఫోటోలు తీయమంటారు, తీస్తే నలుపు కాస్తా బూడిదగా తేలుతుంది. కెమెరాలో వెలుతురు కొలిచే మీటరు ఎదురుగా ఏం కనిపించినా అది మధ్యరకం బూడిద రంగే అనుకుని లెక్క వేస్తుంది. ఫ్రేమంతా నల్లగా ఉంటే వెలుతురు చాల్లేదనుకుని ఫోటోని తెల్లబరుస్తుంది. పెళ్లిలో మధుపర్కాలు కట్టుకున్న జంటను దగ్గరగా తీస్తే సరిగ్గా దీనికి ఎదురు, తెలుపు ఎక్కువైందనుకుని మొత్తం నల్లబరుస్తుంది.

ప్లస్, మైనస్ గుర్తులున్న ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ బటన్ ఉన్నది దీనికే. నల్లటి వస్తువుకు మైనస్ 1, తెల్లటిదానికి ప్లస్ 1 పెట్టి తీసి, చూసుకుని కొంచెం అటూ ఇటూ జరపండి. చాలామంది తెల్లగా ఉన్నదాన్ని తెల్లగా చూపించాలంటే వెలుగు తగ్గించాలనుకుంటారు, నిజానికి పెంచాలి. పాలిష్ బండ మీద ఆకాశం మెరుస్తుంటే మాత్రం ఈ బటన్‌తో పని జరగదు, పక్కకు జరిగి కోణం మార్చాలి, లేదా లెన్స్ ముందు బిగించే, మెరుపు తగ్గించే పోలరైజర్ ఫిల్టర్ తిప్పుకుంటూ మెరుపు తగ్గేచోట ఆపాలి.

పెళ్లి హాల్లో ఫోటోల మీద అడ్డచారలు

కెమెరా పాడైందని టెన్షన్ పడకండి. మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే నాసిరకం ఎల్ఈడీ బల్బులు, ట్యూబులు సెకనుకు 100 సార్లు వెలుగు పెంచుతూ తగ్గిస్తూ ఉంటాయి. కంటికి తెలియదు, వేగంగా పెట్టిన షట్టర్‌కి (లోపలికి వెలుతురు రానిచ్చి మూసుకునే తెర) మాత్రం దొరికిపోతుంది. షట్టర్ వేగం 1/100 లేదా 1/50 సెకను పెట్టండి. చప్పుడు లేకుండా తీసే సైలెంట్ షట్టర్ ఆన్‌లో ఉంటే ఆపి, మామూలు మెకానికల్ షట్టర్‌కి మారండి. మెనూలో యాంటీ ఫ్లికర్ ఉంటే దాన్నీ ఆన్ చేయండి. వీడియో అయితే సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ 1/50 ఇక్కడి లైట్లకు సరిగ్గా కుదురుతుంది.

స్టేజీ వెనక పెట్టే ఎల్ఈడీ తెర సంగతి వేరు. దానికి సొంత వేగం ఉంటుంది కాబట్టి 1/100 పెట్టినా చారలు పోకపోవచ్చు, షట్టర్‌ని ఒక్కో మెట్టూ మారుస్తూ చారలు మాయమయ్యే చోటు వెతుక్కోవాల్సిందే. ఈ పని ముహూర్తానికి ముందే, తెర ఆన్ చేసిన వెంటనే చేసుకోండి.

ఫోటో మసకగా ఉంది

మసకలో మూడు రకాలున్నాయి. ఫ్రేమంతా ఒకే వైపుకి సాగినట్టుంటే మీ చేయి కదిలింది. వెనక గోడ స్పష్టంగా ఉండి మనిషి మాత్రమే చెదిరితే మనిషి కదిలాడు. మొహం మసకగా ఉండి దాని వెనక ఉన్న పూలమాల స్పష్టంగా ఉంటే ఫోకస్ తప్పింది, ఫోకస్ పాయింటును మీరే కంటి మీద పెట్టండి. చేయి వణుకుకి పాత లెక్క ఉంది, మామూలు క్రాప్ సెన్సర్ (ఫుల్ ఫ్రేమ్ కంటే చిన్న సెన్సర్) కెమెరా మీద 50 ఎంఎం లెన్స్ వాడితే షట్టర్ 1/80 కంటే తగ్గకూడదు. పరిగెత్తే పిల్లలకు 1/500 పెట్టండి. వెలుతురు చాలకపోతే ఐఎస్ఓ (తక్కువ వెలుతురులోనూ ఫోటోని వెలుగుగా చూపించే సెట్టింగ్) పెంచడానికి భయపడొద్దు, దానివల్ల గరుకు వచ్చిన ఫోటోని సాఫ్ట్‌వేర్ కొంత బాగు చేస్తుంది, కదిలిన మొహాన్ని బాగు చేయలేదు.

గండికోట ఆకాశంలో నల్ల చుక్కలు

ప్రతి ఫోటోలో అదే చోట ఉంటే సెన్సర్ మీద దుమ్ము. లెన్స్ రంధ్రం బాగా చిన్నదయ్యే ఎఫ్ 16 దగ్గర బాగా కనిపిస్తుంది, రంధ్రం పెద్దదయ్యే ఎఫ్ 4కి తెస్తే దాదాపు కనబడదు. చేత్తో నొక్కే గాలి బ్లోయర్ వాడండి, నోటితో ఊదకండి, తుంపర్లు అంటుకుంటాయి. పెన్నా లోయ అంచున గాలి కొడుతుంటే అక్కడ నిలబడి లెన్స్ మార్చకండి.

ఫోటోషాప్‌లో తెలుగు ఒత్తులు విడిపోతున్నాయి

ఇక్కడే డిజైన్ నేర్చుకునేవాళ్లు విసిగిపోయి వదిలేస్తారు, అది నాకు నిజంగా బాధగా ఉంటుంది, ఎందుకంటే పరిష్కారం చిన్నది. ముందు రెండు రకాల ఫాంట్ల తేడా తెలియాలి. ప్రెస్సుల్లో ఏళ్లుగా వాడే అను ఫాంట్లు ఒక పద్ధతి, మన ఫోన్లో టైప్ అయ్యే యూనికోడ్ ఇంకో పద్ధతి. కస్టమర్ వాట్సాప్‌లో పంపిన పెళ్లిపత్రిక మేటర్ యూనికోడ్‌లో ఉంటుంది, దాన్ని కాపీ చేసి అను ఫాంట్ పెడితే తెలుగు రాదు. కన్వర్టర్‌తో మార్చుకోవాలి, లేదంటే రామభద్ర, మండలి, సూరన్న, ఎన్టీఆర్ లాంటి ఉచిత యూనికోడ్ ఫాంట్లు వాడాలి.

యూనికోడ్ ఫాంటే పెట్టినా 'స్త్ర' విడివిడిగా వస్తోందంటే తప్పు ఫోటోషాప్ సెట్టింగ్‌ది. పాత వెర్షన్లలో ప్రిఫరెన్సెస్‌లో టైప్‌కి వెళ్లి, అక్షరాలను పేర్చే టెక్స్ట్ ఇంజిన్‌ని దక్షిణాసియా భాషలున్న దానికి లేదా వరల్డ్ రెడీకి మార్చి, ఫోటోషాప్ మూసి తెరవండి. ముందే టైప్ చేసిన లేయర్ ఇంకా మారకపోతే ఆ లేయర్‌ని ఎంచుకుని పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో వరల్డ్ రెడీ కంపోజర్ పెట్టండి. ఇన్‌డిజైన్‌లోనూ అదే పేరుతో ఉంటుంది. కంప్యూటర్ పాతదైతే గింప్, ఇంక్‌స్కేప్ ఉచితం, వాటిలో తెలుగు ఒత్తులు మామూలుగానే సరిగ్గా వస్తాయి.

ప్రెస్సుకి పంపేముందు అక్షరాలను షేపులుగా మార్చిన కాపీ ఇస్తే అక్కడ ఫాంట్ లేకపోయినా చెదరవు, కానీ మార్చగలిగే అసలు ఫైల్ మీ దగ్గర దాచుకోండి. కన్వర్టర్ వాడిన ప్రతిసారీ మేటర్ మొత్తం గట్టిగా చదవండి, ముఖ్యంగా పేర్లు, ఇంటిపేర్లు.

స్క్రీన్ మీద ఒకలా, ప్రింటులో ఇంకోలా

స్క్రీన్ వెలుగుతో రంగులు చూపిస్తుంది, ప్రెస్సు సీఎంవైకే (లేత నీలం, మెజెంటా, పసుపు, నలుపు) ఇంకులతో వేస్తుంది, మెరిసే నీలాలు, చిలకపచ్చలు ఇంకులో అంత కాంతిగా రావు. డిజైన్ మొదలుపెట్టేటప్పుడే ప్రెస్సువాళ్లను ఏ కలర్ మోడ్‌లో (ఆర్‌జీబీనా, సీఎంవైకేనా) కావాలో అడగండి, స్క్రీన్ బ్రైట్‌నెస్ సగానికి తగ్గించి పని చేయండి, చిన్న ముక్క ప్రింటు తీయించి చూడండి. ప్రింటు గళ్లు గళ్లుగా వస్తే అది వాట్సాప్‌లో కుదించిన ఫోటో అయి ఉంటుంది, డాక్యుమెంట్‌గా పంపమనండి. 4 అంగుళాలు ఇంటూ 6 ప్రింటుకి 1200 ఇంటూ 1800 పిక్సెళ్లు సరిపోతాయి.

కార్డులో ఫోటోలు పోయాయి

వెంటనే కార్డు బయటికి తీసేయండి, దాని మీద ఇంకొక్క ఫోటో కూడా తీయొద్దు. డిలీట్ చేసినా, మామూలు ఫార్మాట్ కొట్టినా ఫోటోలు చాలావరకు లోపలే ఉంటాయి, కొత్తవి వాటి మీద పడినప్పుడే పూర్తిగా పోతాయి. ఫోటోరెక్ అనే ఉచిత ప్రోగ్రాంతో వెతకండి, దొరికినవాటిని అదే కార్డులో కాకుండా కంప్యూటర్‌లో సేవ్ చేయండి. అన్నీ వచ్చాయని చూసుకున్నాకే ఆ కార్డుని కెమెరాలో పెట్టి ఫార్మాట్ చేయండి.