ఎషర్ కొండసత్రానికి వెళ్ళేవారికి

నిట్టనిలువు రాతిగోడకు వీపు ఆనించి నిలబడిన ఎషర్ సత్రం స్విట్జర్లాండ్ ఈశాన్యంలో, అపెన్‌జెల్ ప్రాంతపు ఆల్ప్‌స్టైన్ కొండల్లో, 1,454 మీటర్ల ఎత్తున ఉంది. 2015లో ఒక నేషనల్ జియోగ్రాఫిక్ పుస్తకానికి ముఖచిత్రమైన తరువాత జనం పోటెత్తారు. ఆ రద్దీకి తమ చిన్న కట్టడం చాలడం లేదంటూ, ఏళ్ళ తరబడి దాన్ని నడిపిన కుటుంబం 2018లో తప్పుకుంది. కనుక హోటల్ సౌకర్యాలు ఆశించకుండా, నీళ్ళ సీసా వెంట తీసుకుని వెళ్ళడం మంచిది.

సత్రం చలికాలంలో మూసి ఉంటుంది. మే చివరి నుంచి అక్టోబరు లోపు, వారం మధ్యలో, ఉదయాన్నే చేరేలా చూసుకోండి. ఎండ కాసే ఆదివారం మధ్యాహ్నం వెళితే బల్ల దొరకడం కష్టమే. జ్యూరిక్ నుంచి వచ్చేవారు గోసావులో రైలు మారి, అపెన్‌జెల్ మీదుగా చివరి స్టేషనైన వాసరావెన్‌లో దిగితే, పక్కనే ఎబెనాల్ప్ కేబుల్ కారు కనిపిస్తుంది. అది నడుస్తున్నదీ లేనిదీ బయలుదేరే ముందే చూసుకోండి. మరమ్మతుల కోసం కొన్ని వారాలు ఆపేస్తారు.

కొండసత్రం అనగానే ఎక్కాలనుకుంటాం గానీ, కేబుల్ కారు పై స్టేషను సత్రం కన్నా ఎత్తున ఉన్నందువల్ల ఇక్కడ దిగాలి. ఇరవై నిమిషాలలోపే ముగిసే ఆ దారి విల్డ్‌కిర్ఖ్లి గుహ గుండా సాగుతుంది. లోపల చీకటి, కాలికింద తడి. ఫోను చేతిలో పట్టుకుని ఫొటోలు తీస్తూ నడిచే చోటు కాదది. 1658 నుంచి 1853 వరకు సన్యాసులు నివసించిన ఈ గుహలో, ఇరవయ్యో శతాబ్దం ఆరంభంలో జరిపిన తవ్వకాల్లో రాతియుగపు పనిముట్లు, గుహ ఎలుగుల ఎముకలు బయటపడ్డాయి. నన్నడిగితే, సత్రం కన్నా ఈ గుహ దగ్గరే ఎక్కువసేపు ఆగాలి.

సత్రంలో చాలామంది అడిగేది రోష్టి, అంటే తురిమిన బంగాళదుంపను పెనం మీద ఎర్రగా కాల్చిన అట్టు. శాకాహారులు పంది మాంసం ముక్కలు వేయవద్దని ముందే చెప్పాలి.

తిరుగుదారిని తేలికగా తీసుకోవద్దు. అక్కడి నుంచి సేయాల్ప్‌సే సరస్సుకు దిగే బాట చాలా ఏటవాలుగా ఉంటుంది. ఈ కొండల్లో కాలు జారి ప్రాణాలు కోల్పోయినవారు ఉన్నారు. తెలుపు-ఎరుపు-తెలుపు గీతలున్న బాట పర్వతమార్గమని గుర్తు. పట్టున్న బూట్లు లేకపోయినా, వాన పడినా, వచ్చిన దారినే పైకెక్కి కేబుల్ కారులో దిగండి. చివరి కారు వేళ రాసి పెట్టుకోండి, అది తప్పితే 868 మీటర్ల ఎత్తున ఉన్న వాసరావెన్ దాకా నడక తప్పదు.