పాత ట్రక్కులో పట్టేసిన సెంటర్ బేరింగ్ తీసే ముందు

అన్నిటికంటే ముందు చక్రాలకు రెండు వైపులా గట్టి దిమ్మెలు పెట్టండి. గేర్‌బాక్స్ నుంచి వెనక చక్రాల వైపు వెళ్లే పొడవాటి షాఫ్ట్‌ను మధ్యలో మోసేదే సెంటర్ బేరింగ్. ఆ షాఫ్ట్ ఊడదీశాక గేరులో ఉంచినా బండి ఆగదు. కొన్ని పాత ట్రక్కుల్లో హ్యాండ్ బ్రేకు గేర్‌బాక్స్ వెనకే ఉంటుంది కాబట్టి షాఫ్ట్ లేకపోతే అది కూడా పనిచేయదు. మీరు కింద పడుకుని ఉంటారు, దయచేసి ఈ ఒక్కటీ వదలకండి.

విప్పే ముందు ఫ్లాంజ్‌ల (బోల్టులతో కలిపే బిళ్లల) మీద, స్ప్లైన్ల (ఒకదానిలో ఒకటి దూరే పళ్ల) దగ్గర పెయింటుతో గుర్తులు పెట్టండి. ఒక్క పన్ను అటూ ఇటూ అయినా బండి వణుకుతుంది. తర్వాత కారణం వెతకడానికి రోజులు పడుతుంది.

తుప్పు వదిలించే నూనె ముందు రోజు రాత్రే కొట్టి వదిలేయండి.

షాఫ్ట్ కొస మీద నేరుగా సుత్తి వేయొద్దు. అక్కడ నట్టు ఎక్కే మరలు నలిగితే బేరింగ్‌తో పోయేది షాఫ్ట్ దాకా వస్తుంది. బేరింగ్‌ను పట్టి లాగే పుల్లర్ వాడండి. దాని స్క్రూ ఆనే ముందు పాత నట్టును కొసకు సమంగా బిగిస్తే మరలు బతుకుతాయి.

వేడి చేయాలంటే ముందు బేరింగ్ చుట్టూ ఉన్న రబ్బరు కోసేసి, నూనె శుభ్రంగా తుడవండి. రెండూ నిప్పంటుకుంటాయి.

లోపలి రింగు ఎంతకీ రాకపోతే గ్రైండర్‌తో ముప్పాతిక మందం వరకే కోసి, ఉలితో పగలగొట్టండి. అది గట్టిపరిచిన ఉక్కు, ముక్కలు ఎగురుతాయి. రక్షణ కళ్లద్దాలు తప్పనిసరి.