పెట్టె మీద కొత్త పేరు, లోపల పాత చిప్: ల్యాప్‌టాప్ ప్రాసెసర్ పేర్లతో వచ్చే చిక్కులు

ముందుగా ప్రాసెసర్ పూర్తి మోడల్ నంబరు కావాలి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పెర్ఫార్మెన్స్, ఆపైన సీపీయూ నొక్కండి. కుడివైపు పైన పూర్తి పేరు, కింద కోర్లు (చిప్‌లో విడివిడిగా పనిచేసే భాగాలు), లాజికల్ ప్రాసెసర్ల లెక్క కనిపిస్తాయి. ఇంకా కొనకపోతే షాపులో పెట్టిన డెమో పీసు మీదే ఇది చూడండి. ఆన్‌లైన్‌లో ‘రైజెన్ 5’ (ఏఎండీ కంపెనీది), ‘కోర్ ఐ7’ (ఇంటెల్‌ది) అని రాసి నంబరు ఇవ్వకుండా వదిలేసిన చోట డబ్బు కట్టొద్దు.

సమస్య: రైజెన్ 5, 7000 సిరీస్ అని కొన్నారు. నాలుగు ట్యాబులు, ఒక వీడియో కాల్ పెట్టేసరికి తడబడుతోంది.

కారణం: ఏఎండీ 2023 నుంచి వాడిన నాలుగు అంకెల పద్ధతి. మొదటి అంకె విడుదల సంవత్సరం చెబుతుందంతే: 7 అంటే 2023. అసలు సంగతి మూడో అంకెలో ఉంది, చిప్ డిజైన్ ఏ తరానిదో చెప్పేది అదే. 7520యూ తీసుకోండి: మూడో అంకె 2, అంటే జెన్ 2 (ఏఎండీ చిప్ డిజైన్ల పేరు జెన్), 2019 నాటి డిజైన్, 4 కోర్లు. 7530యూలో 3 ఉంది: జెన్ 3, 6 కోర్లు. 7640హెచ్ఎస్‌లో 4: జెన్ 4, 6 కోర్లు. మూడింటి మీదా ‘రైజెన్ 5’ స్టిక్కరే.

పరిష్కారం: ప్రాసెసర్ బోర్డుకే అతికి ఉంటుంది, మార్చలేం. 7520యూలో ర్యామ్ కూడా అంతే. 8 జీబీతో కొంటే ఎప్పటికీ 8 జీబీయే. వాపసు గడువు ఉండగానే తిరిగి ఇచ్చేయడం మేలు. మూడంకెల కొత్త పేర్లకు ఈ లెక్క పనికిరాదు: రైజెన్ ఏఐ 7 350 జెన్ 5 అయితే, రైజెన్ 7 260 జెన్ 4.

సమస్య: ఐ7 ల్యాప్‌టాప్‌లో వీడియో ఎక్స్‌పోర్ట్, పక్కవాళ్ల ఐ5 కంటే ఆలస్యం.

కారణం: మోడల్ నంబరు చివరి అక్షరం. చిప్ ఎంత కరెంటు వాడే తరగతిదో అది చెబుతుంది. యూ అంటే 15 వాట్ల తరగతి, హెచ్ అంటే 45, హెచ్ఎక్స్ అంటే 55. ఐ7-1355యూలో 10 కోర్లున్నా పెద్ద కోర్లు రెండే, మిగతా ఎనిమిదీ చిన్నవి. ఐ5-13420హెచ్‌లో మొత్తం 8 కోర్లే, కానీ నాలుగు పెద్దవి, పైగా కరెంటు ఎక్కువ తీసుకుంటుంది. ఐ7-1355యూ, ఐ5-1335యూ రెండింటిలోనూ కోర్ల లెక్క ఒకటే. గరిష్ఠ వేగంలోనే తేడా, 5.0 గిగాహెర్ట్జ్, 4.6 గిగాహెర్ట్జ్.

పరిష్కారం: ఎడిటింగ్, పెద్ద కోడ్ కంపైల్ చేయడం మీ పని అయితే హెచ్. ఉత్తరాలు, ఎక్సెల్, రోజంతా బ్యాటరీ కావాలంటే యూ చాలు. ఇప్పుడున్నది యూ అయితే ఛార్జర్ పెట్టి, పవర్ మోడ్‌ను బెస్ట్ పెర్ఫార్మెన్స్‌లో ఉంచండి, కొంత నయం. ఈ లెక్క ఇంటెల్‌ది, ఏఎండీ రైజెన్ ఏఐ 9 హెచ్ఎక్స్ 370లో ‘హెచ్ఎక్స్’ చూసి 55 వాట్లనుకోకండి. దాని డిఫాల్ట్ 28 వాట్లే.

సమస్య: ఐ5-1335యూకి ఐరిస్ ఎక్స్‌ఈ (ఇంటెల్ చిప్‌లోనే ఉండే మెరుగైన గ్రాఫిక్స్) అన్నారు. డివైస్ మేనేజర్‌లో యూహెచ్‌డీ అని చూపిస్తోంది.

కారణం: మోసమూ కాదు, డ్రైవర్ తప్పూ కాదు. ర్యామ్ రెండు ఛానెళ్లలో (ప్రాసెసర్‌కు చేరే రెండు దారుల్లో) ఉంటేనే ఇంటెల్ ఐరిస్ ఎక్స్‌ఈ పేరు చూపిస్తుంది. ఒకే స్టిక్ ఉంటే గ్రాఫిక్స్‌కు అందే మెమరీ దారి సగమైపోతుంది, గేములూ నెమ్మదిస్తాయి.

పరిష్కారం: టాస్క్ మేనేజర్‌లో మెమరీ తెరిచి ‘స్లాట్స్ యూజ్డ్’ దగ్గర చూడండి. 2లో 1 అని ఉంటే అదృష్టమే. ఉన్న స్టిక్ డీడీఆర్4నో డీడీఆర్5నో చూసుకుని, అదే రకం, అదే సైజు, అదే వేగం ఉన్న ఇంకొకటి కొనండి. ల్యాప్‌టాప్ పూర్తిగా ఆపి, ఛార్జర్ తీసి, లోపల బ్యాటరీ కనెక్టర్ ఊడదీశాకే స్టిక్ పెట్టాలి. కొంచెం ఏటవాలుగా దూర్చి, రెండు క్లిప్పులూ టక్కుమనేదాకా కిందికి నొక్కాలి. ఆన్ చేస్తే ఐరిస్ ఎక్స్‌ఈ కనిపిస్తుంది. ఈ ఒక్క చిక్కుకే తక్కువ ఖర్చులో పూర్తి మందు ఉంది.

సమస్య: ఇంటెల్ కోర్ అల్ట్రా కొన్నా కోపైలట్ ప్లస్ (విండోస్‌లోని ఏఐ) సదుపాయాలు రావడం లేదు.

కారణం: మైక్రోసాఫ్ట్ 40 టాప్స్ (సెకనుకు లక్ష కోట్ల లెక్కలు ఎన్ని చేయగలదో చెప్పే కొలత) పైబడిన ఎన్‌పీయూ, అంటే ఏఐ పనుల కోసం చిప్‌లో ఉండే విడి భాగం, అడుగుతుంది. అల్ట్రా 7 255హెచ్‌లో ఉన్నది 13. అల్ట్రా 7 258విలో 47. నంబర్లు పక్కపక్కనే ఉన్నా చిప్‌లు పూర్తిగా వేరు. ‘అల్ట్రా’ లేని కోర్ 5 210హెచ్‌లో అయితే ఎన్‌పీయూయే లేదు. అది పాత 13వ తరం డిజైనే.

పరిష్కారం: ఆ సదుపాయాలు కావాలంటే కోర్ అల్ట్రా 200 సిరీస్‌లో చివర వి ఉన్నది, లేదా రైజెన్ ఏఐ 300 చూడండి. వి చిప్‌లలో ర్యామ్ ప్రాసెసర్‌తోపాటే ఒకే ప్యాకేజీలో ఉంటుంది: 256వి అంటే 16 జీబీ, 258వి అంటే 32. తరవాత పెంచలేరు.

సమస్య: స్నాప్‌డ్రాగన్ ల్యాప్‌టాప్‌లో జీఎస్టీ ఫైలింగ్‌కు వాడే డిజిటల్ సంతకం టోకెన్, పాత ప్రింటర్ ఇన్‌స్టాల్ కావడం లేదు.

కారణం: అది ఏఆర్ఎం ప్రాసెసర్, అంటే ఇంటెల్, ఏఎండీల కంటే వేరే రకం. మామూలు ప్రోగ్రాములను విండోస్ అనువదించి నడుపుతుంది, ఇంటెల్, ఏఎండీల కోసం రాసిన కెర్నల్ డ్రైవర్లను (పరికరాలను నడిపేందుకు విండోస్ లోపలి పొరలో పనిచేసే ప్రోగ్రాములను) మాత్రం నడపలేదు.

పరిష్కారం: తయారీదారు సైటులో ఏఆర్ఎం64 డ్రైవర్ ఉందేమో వెతకండి. లేకపోతే ఆ పని మట్టుకు ఇంటెల్ లేదా ఏఎండీ మెషీన్ మీదే చేయాలి. ఆడిటర్లు, అకౌంటెంట్లు కొనేముందే సెట్టింగ్స్, సిస్టమ్, అబౌట్‌లో ‘సిస్టమ్ టైప్’ వరుస చదివి, ఏఆర్ఎం అని ఉందేమో చూడాలి.