సంఘం తరఫున క్షమాపణ: రాయడం, చదవడం, దిద్దుబాటు

పాత తప్పుకు చర్చి సంఘం క్షమాపణ చెప్పాలనుకోగానే, తాతలు చేసినదానికి మనవలు ఎందుకు చెప్పాలని కమిటీలో ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. జవాబు సిద్ధంగా పెట్టుకోండి. చేసినవాళ్లు పోయారు, సంఘం ఉంది. స్థలం, ఆస్తి, పేరు వారసత్వంగా తీసుకున్న సంఘం తప్పును మాత్రం మాది కాదనలేదు. బైబిల్లో నెహెమ్యా (1:6) తనను, తన తండ్రి ఇంటివారిని కలుపుకొనే ఇశ్రాయేలు పాపాన్ని ఒప్పుకున్నాడు.

ఇంగ్లండ్ చర్చి అనుభవం దగ్గరపెట్టుకోవాలి. కరీబియన్ దీవి బార్బడోస్‌లోని కోడ్రింగ్టన్ చెరకు తోటలు ఆ చర్చి మిషన్ సొసైటీవి. అక్కడి బానిసల రొమ్ము మీద ‘సొసైటీ’ అని వాత పెట్టేవారు. బానిసత్వం రద్దయ్యాక 8,823 పౌండ్ల పరిహారం ముట్టింది కూడా సొసైటీకే, బానిసలకు కాదు. 2006 ఫిబ్రవరిలో ఆ చర్చి పాలక సభ, జనరల్ సినడ్, క్షమాపణ చెప్పింది. ఆ చర్చి ఆస్తులు చూసే చర్చి కమిషనర్లు దిద్దుబాటుగా 10 కోట్ల పౌండ్ల నిధి ప్రకటించింది 2023 జనవరిలో. మధ్యలో 17 ఏళ్లు. మీ క్షమాపణకు అంత ఖాళీ రానివ్వకండి. ఏం చేయబోతున్నారో తేల్చుకున్నాకే క్షమాపణ చదవండి.

మన సంఘాల్లో తప్పు చాలావరకు కులం రూపంలో ఉంటుంది. వేరే బెంచీలు, ప్రభువు బల్ల దగ్గర వెనక వరస, సమాధుల తోటలో వేరే మూల, తరాలుగా ఒకే వర్గం చేతిలో కమిటీ. అన్నీ కలిపి ‘వివక్ష’ అని ఒక్క మాటలో రాస్తే ఎవరికీ తగలదు. ఒక్క పని పట్టుకోండి, దానికి ఆధారం చూడండి.

ఆధారం ముందు మీ బీరువాలోనే దొరుకుతుంది: బాప్తిస్మం, పెళ్లి, భూస్థాపన రిజిస్టర్లు, కమిటీ మినిట్స్ పుస్తకాలు. లండన్ మిషన్ వాళ్లు విశాఖకు 1805లోనే వచ్చారు, వాళ్ల పాత ఉత్తరాలు లండన్‌లోని సోయాస్ విశ్వవిద్యాలయం లైబ్రరీలో ఉన్నాయి. కెనడియన్ బాప్టిస్టు సంఘాలైతే కెనడాలో హామిల్టన్‌లోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయానికి రాయాలి.

తర్వాత సమాధుల తోటకు వెళ్లండి. ఇద్దరు, ఒక చార్టు, ఒక టేపు చాలు. ప్రతి సమాధికీ వరస, సంవత్సరం, రాయి ఉందా మట్టిదిబ్బేనా అన్నది గీయండి. సముద్రపు గాలికి పాత రాళ్ల మీద అక్షరాలు అరిగిపోయి ఉంటాయి. పొద్దున ఎండ ఏటవాలుగా పడేటప్పుడు పక్కనుంచి చూస్తే గీతలు పైకి తేలతాయి. సుద్ద రుద్దకండి, రాయి పాడవుతుంది. ఈ చార్టును భూస్థాపన రిజిస్టరు పక్కన పెడితే ఎవరిని ఏ మూలకు తోశారో కళ్లకు కడుతుంది. వాదన సగం అక్కడే ఆగిపోతుంది.

ఇక్కడొక ప్రమాదం. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులకు ఎస్సీ హోదా లేదు, ఎస్సీల నుంచి క్రైస్తవులైనవాళ్లు మన రాష్ట్రంలో బీసీ-సీ కిందికి వస్తారు. ఫలానా కుటుంబం, ఫలానా కులం అని పేర్లతో అచ్చువేస్తే పిల్లల కుల సర్టిఫికెట్ల దాకా గొడవ పోతుంది. పేర్లు, రిజిస్టరు ఫొటోలు బయటికి రాకూడదు. తప్పు చేసిన కమిటీని మాత్రం కమిటీ అనే రాయండి.

ముసాయిదా ఒక పేజీ దాటొద్దు. ‘ఎవరినైనా నొప్పించి ఉంటే’, ‘ఆ రోజులు అలాంటివి’ అన్న మాటలు కొట్టేయండి. ‘జరిగింది’ అని కాదు, ‘చేశాం’ అని రాయాలి. నమూనా: “ఫలానా సంవత్సరం నుంచి ఫలానా సంవత్సరం దాకా ఈ సంఘ కమిటీ మాదిగ కుటుంబాల మృతులను ప్రహరీ అవతల పూడ్పించింది. ఆ తీర్మానం మా మినిట్స్‌లో ఉంది. అది పాపం.” ఏడుగురు రాసే చోట నలుగురు నష్టపోయిన కుటుంబాలవాళ్లే ఉండాలి. చదవడానికి రెండు వారాల ముందు కాగితం పట్టుకొని ఆ ఇళ్లకు వెళ్లండి, వాళ్లు మార్చమన్న మాట మార్చండి.

రోజు ఎంచుకునేటప్పుడు క్రిస్మస్, గుడ్ ఫ్రైడే వదిలేయండి. ప్రభువు బల్ల సంస్కారం ఉన్న మామూలు ఆదివారం, ఆ సంస్కారానికి ముందు చదవండి. ముందు సహోదరుడితో సమాధానపడి, తర్వాత కానుక అర్పించమని మత్తయి 5:23–24 చెప్పే వరస అదే. పాస్టర్ గారు ఒక్కరే కాదు, కమిటీ మొత్తం లేచి నిలబడాలి. నష్టపోయినవాళ్లను ముందుకు పిలిచి ‘క్షమించాం’ అనిపించడం, కౌగిలింతల ఫొటోలు తీయించడం వద్దు. క్షమించడం, క్షమించకపోవడం పూర్తిగా వాళ్ల ఇష్టం. మీ సంఘానికి మించి, డయాసిస్ (బిషప్ కింది సంఘాలన్నిటి) తరఫునో మిషన్ తరఫునో మాట్లాడకండి. ప్రతి మాత్రం బిషప్ గారి ఆఫీసుకు పంపండి.

సువార్తలో పన్నులు వసూలు చేసే జక్కయ్య, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగిస్తానన్నాడు. అదే ఆదివారం దిద్దుబాటు తీర్మానం కూడా చదవాలి. అడ్డుగోడ ఏ తేదీకి కూలుతుంది, రాళ్లు లేని సమాధులకు ఎంత డబ్బు, బాధ్యుడు ఎవరు అన్నవి అందులో ఉండాలి. ఇకపై స్థలం చనిపోయిన వరసలోనే కేటాయిస్తామని కూడా రాయండి. కొన్ని కుటుంబాలు అలిగి కానుక ఆపేస్తాయి. ఆ లోటును రాళ్ల కోసం తీసిపెట్టిన సొమ్ముతో పూడ్చకండి. ఆ సొమ్ముకు వేరే ఖాతా తెరిచి, లెక్క ఏటా జనరల్ బాడీలో చదవండి.